అద్దకాల వీధి నీటి బాకీ

అన్యాయం ఎవరికి జరిగింది? అద్దకాల వీధికి. ఎలా జరిగింది? ఇచ్చిన నీళ్లు తిరిగి రాకపోవడం వల్ల జరిగింది. ఎవరు చేశారు? ఈ ప్రశ్నకు మాత్రం ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. చేసినవారందరూ నిబంధనల ప్రకారమే చేశారు. పైగా వారిలో ఒకటి యంత్రం.

మాది చింతలరేవు, కాలువ చివరి ఊరు. పై ఊళ్లన్నీ తాగి, తడుపుకుని, కడుక్కున్న తరువాత మిగిలిన నీళ్లు మాకు వస్తాయి. వాటిని వీధివీధికీ గంట చొప్పున పంచే బాధ్యత పురజల వంతుల మండలిది. ఆ గంటను మా ఊళ్లో వంతు అంటారు. తాగే నీళ్ల వంతు అందరికీ ఉంది. మా వీధికి మాత్రం మరొక పెద్ద గొట్టం ఉంది. అది అద్దకపు కొట్టాలకు వెళ్తుంది. కొయ్య అచ్చులతో గుడ్డ మీద రంగులు వేసే ఇళ్లు మా వీధిలో చాలా ఉన్నాయి. అచ్చు పడిన గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవ నీటిలో ముంచితే ఒక రంగు మరొక రంగులోకి దిగిపోయి, నెమలి కాస్తా కాకి అవుతుంది.

ఊరి ప్రధాన గొట్టం పగిలిన వేసవిలో మాతాశిశు ఆసుపత్రికి నీళ్లు ఆగిపోయాయి. అప్పటి ఇంజనీరు గంటి సదాశివుడు గారు బట్టు కాంతమ్మ కొట్టానికి స్వయంగా వచ్చారు. వీధిలో అన్నిటికంటే పాత కొట్టం ఆమెదే. వీధి సంఘానికి కార్యదర్శినైనందువల్ల నేనూ అక్కడే ఉన్నాను.

"పురుళ్ల వార్డులో చెంబెడు నీళ్లు లేవమ్మా కాంతమ్మా. మీ పెద్ద గొట్టం ఈ వేసవికి అటు తిప్పుకోనిస్తావా?"

"తిప్పుకోండి బాబుగారూ. పిల్లలు పుడతా ఉంటే నా దుప్పట్లకేం తొందర? కానీ మాట మాటే. మా నీళ్లు మళ్లీ మాకు రావాల."

"వంతుకు వంతు. నేను రాసి పెట్టి మరీ వెళ్తాను."

ఆ వేసవి పొడుగునా మా వీధిలో రంగు కాగులు బోర్లించే ఉన్నాయి. ఆసుపత్రిలో పిల్లలు పుట్టారు, స్నానాలు చేశారు, ఇళ్లకు వెళ్లారు. సదాశివుడు గారు అన్నమాట ప్రకారం మా బాకీని రాసే పెట్టారు. అయితే ఆయన రాసినది కాగితం మీద కాదు. అప్పుడే మండలికి వచ్చిన కొత్త యంత్రంలో రాశారు. ఆ నెలాఖరున ఉద్యోగ విరమణ చేసి విశాఖపట్నం వెళ్లిపోయారు.

ఆ యంత్రం పేరు జలసారథి. నల్లని తెర, తెల్లని అక్షరాలు. బొమ్మలు ఉండవు, గంటలు మోగవు. మండలి వారు కంపెనీకి ప్రత్యేకంగా చెప్పి దానికి తెలుగు కూడా నేర్పించారు. సదాశివుడు గారి తరువాతి ఇంజనీరు వచ్చాక, మంత్రిగారు మల్లెదండ వేసి ప్రారంభించారు. ఊళ్లో మిగతా వాల్వులను ఫిట్టర్ సైదులు ఇనప కడ్డీతో తిప్పుతాడు. మా పెద్ద గొట్టానికి మాత్రం ప్రయోగాత్మకంగా మోటారు వాల్వు బిగించి, దానికి ఒక బోర్డు తగిలించారు. "ఇది యాంత్రిక వాల్వు. మానవ హస్తము తాకరాదు."

మానవ హస్తాలు తాకలేదు. యంత్రమూ తాకలేదు.

కొత్తగా వచ్చిన కార్యనిర్వాహక ఇంజనీరు వెంపరాల నాగభూషణరావు గారిని కలిసి మా నీళ్ల సంగతి అడిగాము. ఆయన మర్యాదస్తుడు. కుర్చీలు వేయించారు.

"అమ్మగారూ, మీకు పాత బాకీ ఉన్నమాట వాస్తవం. పాత బాకీ తేలకుండా కొత్త వంతులు ప్రారంభించడం లెక్కల నియమాలకు విరుద్ధం. కావున బాకీ తేలే వరకు మీ పెద్ద గొట్టానికి నీరు విడుదల చేయజాలము."

కాంతమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటున్నారమ్మగారూ?"

"వాళ్లు మనకు బాకీ ఉన్నారు కనుక మనకు నీళ్లివ్వరట."

"తీర్చేస్తే పోద్దిగా మరి!"

"అదే చేయబోతున్నాం," అన్నారు నాగభూషణరావు గారు. అలా మేము ముగ్గురమూ జలసారథి ముందుకు వెళ్లాము.

యంత్రం ముందు కూర్చునే ఉద్యోగి దోనేపూడి ప్రకాశం. యాభై దాటిన మనిషి. పూర్వం టైపు మిషన్ మీద పని చేసినవాడు. ఆయన తన పేరు కొట్టాడు. పేరు తెర మీద కనిపించింది. తరువాత పాస్‌వర్డు కొట్టాడు. వేళ్లు కదిలాయి గానీ తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

"ఏమయ్యా, కొడుతున్నావు గానీ ఏమీ పడటం లేదే?" అన్నారు ఇంజనీరు గారు.

"పడుతుందండి. పాస్‌వర్డు కదండీ, కనపడదు. ఎవరూ చూడకుండా ఉండటానికండి."

"ఎవరూ చూడకుండానా? ప్రభుత్వ కార్యాలయంలో ఎవరూ చూడకుండా చేసే పని ఏమిటయ్యా?"

మాకు కాన్వెంటులో టైపు నేర్పిన సన్యాసినులు మీటల మీద గుడ్డ కప్పి నేర్పేవారు. కనపడని అక్షరం పడనే లేదని వారెన్నడూ చెప్పలేదు. ఆ మాట ఇంజనీరు గారితో అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, మరునాడే ఒక ఉత్తర్వు జారీ చేశారు.

"తెరపై దృశ్యమానము కాని లిఖితము అలిఖితముగానే పరిగణింపబడును. కావున పాస్‌వర్డు కొట్టు ఉద్యోగి ప్రతి అక్షరమును ఇరువురు సాక్షుల సమక్షమున బిగ్గరగా ఉచ్చరింపవలెను."

ప్రకాశం బిగ్గరగానే ఉచ్చరించాడు. కార్యాలయం ఎదుట టీ కొట్టు ఉంది. వారం తిరగకముందే ఆడపిల్లలు ఆ పాస్‌వర్డు పాడుకుంటూ తాడాట ఆడుతున్నారు. భద్రత దృష్ట్యా పాస్‌వర్డు మార్చారు. కొత్తదాన్ని కూడా బిగ్గరగానే ఉచ్చరించారు. పిల్లలు ఆట మార్చారు.

ఏమైతేనేం, లోపలికి ప్రవేశం దొరికింది. ప్రకాశం మా బాకీ ఫైలు తెరవబోయాడు. తెర మీద ఒక పంక్తి వచ్చింది.

"అనుమతి నిరాకరించడమైనది."

నాగభూషణరావు గారు ఆ పంక్తిని రెండుసార్లు చదివారు. ముఖం ఎర్రబడింది.

"ఎవరు నిరాకరించారు? ఏ హోదాలో నిరాకరించారు?"

"యంత్రమేనండి."

"యంత్రానికి ఆ అధికారం దత్తం చేస్తూ జారీ అయిన ఉత్తర్వు ఏదీ?"

ప్రకాశం ఓపికగా చెప్పాడు. "ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడండి. దాన్ని ఎవరు చదవొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు నడపొచ్చు అనేది ఆ యజమాని చెప్పాల. ఇది సదాశివుడు గారి పేరున ఉందండి. వేరేవాళ్లకి అనుమతి పెట్టకుండానే ఆయన రిటైరైపోయారు. ఇంక తెరవాలంటే పెద్ద ఖాతా ఒకటుందండి. దానికి ఏదీ అడ్డం రాదు."

"ఆ పెద్ద ఖాతా ఎవరి పేరున ఉంది?"

"మంత్రిగారి పేరునండి."

"మంత్రిగారి పేరున ఎందుకుంది?"

"తమరి పేరే పెడతామని కంపెనీ వాళ్లు అన్నారండి. పెద్దవారుండగా పెద్ద ఖాతా నా పేరున ఉండటం మర్యాద కాదని తమరే అన్నారు. పాస్‌వర్డు కూడా ఆయనకే పంపించారు."

ఆ మంత్రిగారు అప్పటికి పశుసంవర్ధక శాఖకు మారిపోయారు. ఆయనను పాస్‌వర్డు అడిగే ధైర్యం మండలిలో ఎవరికీ లేదు. కనుక సదాశివుడు గారికి లేఖ వెళ్లింది. ఆయన వెంటనే జవాబు రాశారు. "అద్దకాల వీధి ఫైలు తెరవడానికి నాకు పూర్తి సమ్మతం. ఆ నీళ్లు త్వరగా ఇవ్వండి. నా మాట పోతోంది."

నాగభూషణరావు గారు ఆ లేఖను యంత్రం ఎదుట నిలబడి చదివి వినిపించారు. ప్రకాశం ప్రయత్నించాడు. అనుమతి నిరాకరించడమైనది. లేఖకు గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ వేయించి, కీబోర్డు కింద ఉంచి, మళ్లీ ప్రయత్నించారు. అనుమతి నిరాకరించడమైనది.

"మనిషి సరేనన్నాక దీనికేం నొప్పి?" అంది కాంతమ్మ.

"ఇది క్రమశిక్షణారాహిత్యం," అన్నారు ఇంజనీరు గారు. యంత్రానికి సంజాయిషీ నోటీసు తయారైంది. దానిని ఎవరు అందుకుని సంతకం చేయాలన్న విషయం తేలక ఆగిపోయింది.

ఈ మధ్యలో కొట్టాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పనివాళ్లు కొందరు హైదరాబాదు వెళ్లి అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర కూర్చున్నారు. కాంతమ్మ అచ్చు వేసిన గుడ్డల్ని బండి మీద ఉప్పుటేటికి తీసుకెళ్లి జాడించింది. ఉప్పునీళ్లకు ఎరుపు గోధుమరంగుగా తేలింది. ఆ గుడ్డల్ని ఆమె ఎవరికీ అమ్మలేదు. మడతపెట్టి అటక మీద పడేసింది. "ఇంకొక్క వర్షాకాలం చూస్తానమ్మగారూ. తరవాత అచ్చులు పొయ్యిలోకే," అంది. ఆ అచ్చులు ఆమె అత్తగారి అత్తగారివి.

అప్పుడే రాజధాని నుంచి కొత్త ఉత్సాహం దిగింది. దాని పేరు అనావరణ పక్షోత్సవం. ప్రజల ఫైళ్లు ప్రజలకే తెలియకపోవడం ప్రజాస్వామ్యానికి మచ్చ కనుక, పక్షం రోజుల పాటు అన్ని ఫైళ్లనూ అందరూ చదవవచ్చు, అందరూ మార్చవచ్చు, అందరూ నడపవచ్చు. రాజధానిలోనే ఎవరో మంత్రిగారిని ఒప్పించి, పెద్ద ఖాతాను ప్రకాశం చేతికి ఇప్పించారు. ప్రకాశం ఒక్క ఆదేశం కొట్టాడు. జలసారథిలోని తలుపులన్నీ బార్లా తెరుచుకున్నాయి.

కార్యాలయం వరండాలో షామియానా వేసి, ఒక తెర, ఒక కీబోర్డు పెట్టారు. మజ్జిగ కూడా పోశారు. జనం వరుస కట్టారు. కళ్యాణ మండపం యజమాని తన మండపానికి రోజంతా వంతు రాసుకున్నాడు. ఆయన వెనక నిలబడినవాడు ఆ వంతును తన రొయ్యల చెరువుకు మార్చుకున్నాడు. ఒక పెద్దమనిషి తనకేమీ వద్దని, పొరుగువాడి వంతు కొట్టివేసి తృప్తిగా వెళ్లిపోయాడు.

మా వంతు వచ్చింది. మా ఫైలు మొదటిసారి తెరుచుకుంది. సదాశివుడు గారు రాసిన లెక్క వంతుకు వంతు సరిగ్గా ఉంది. వెనకనుంచి ఎవరో కాంతమ్మకు సలహా ఇచ్చారు. "పక్కన ఒక సున్నా పెట్టుకో అక్కా. ఎవరు చూడొచ్చారు?"

"ఇచ్చింది ఇమ్మనండి చాలు. ఎక్కువ రాసుకుంటే మనకీ వాళ్లకీ తేడా ఏముంది?"

వాల్వు తెరిచే ఆదేశం కొట్టడానికి నేను కీబోర్డు మీద చేతులు పెట్టాను. సరిగ్గా అప్పుడే నాగభూషణరావు గారు వరండాలోకి పరుగెత్తుకు వచ్చారు. ఎవరో కలెక్టరు గారి బంగళా నీళ్లను గేదెల కుంటకు మళ్లించారట. కలెక్టరు గారు తల నిండా సబ్బు నురగతో ఫోను చేశారట.

"ఆపండి! అందరూ చేతులు తీయండి! ప్రకాశం, అన్ని అనుమతులూ తీసెయ్. ఏ ఫైలుకూ, ఏ ప్రోగ్రాముకూ, ఎవరికీ ఏ అనుమతీ ఉండకూడదు."

"అన్నిటికీనా అండి?"

"మినహాయింపుల వల్లనే ఇంతదాకా వచ్చింది."

"అనుమతులు మార్చే ప్రోగ్రాము ఒకటుందండి. దానికి కూడా తీసేస్తే..."

"దానికి ముందు తీసెయ్. అన్నిటికీ మూలం అదే!"

"దానికి ముందు తీసేస్తే మిగతావాటికి తియ్యడం కుదరదండి. చివర్న తీస్తాను."

"అది సాంకేతిక వివరం. నాకు ఫలితం ముఖ్యం."

ఫలితం వచ్చింది. మరునాడు ఉదయం ప్రకాశం మొదటి ఫైలుకు అనుమతి ఇవ్వబోయాడు. అనుమతి ఇచ్చే ప్రోగ్రామును నడపడానికి అనుమతి లేదు. ఆ ప్రోగ్రాముకు అనుమతి ఇద్దామంటే, ఇవ్వవలసినది ఆ ప్రోగ్రామే. ఏ అడ్డూ లేని పెద్ద ఖాతా కూడా, నడిపే అనుమతి ఎవరికీ లేనిదాన్ని నడపలేదట.

మండలి అధ్యక్షులు ఈ పరిస్థితిని కొనియాడారు. "రాష్ట్ర చరిత్రలో ఇంతటి సంపూర్ణ భద్రత ఏ కార్యాలయమూ సాధించలేదు," అన్నారు. అయితే జీతాల ఫైలు కూడా అందులోనే ఉందని తెలిశాక అనుమతి పునరనుమతి సంఘాన్ని నియమించారు. సంఘం భోజనాలతో సహా సమావేశమైంది. చివరకు కంపెనీ నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. మరొక యంత్రంలోని అదే ప్రోగ్రామును కాపీ తెచ్చుకుని దానిని నడిపాడు. అన్నిటినీ సరిచేశాడు. మా ఫైలును ప్రకాశం పేరున మార్చాడు. ఆ నిపుణుడికి ఇచ్చిన టీ ఇంకా వేడిగానే ఉంది. పని అంత త్వరగా అయిపోవడం సంఘానికి నచ్చలేదు. కంపెనీతో ఒప్పందాన్ని పొడిగించరాదని సిఫారసు చేసింది.

"రేపటినుంచి మీ నీళ్లు మీకేనండి," అన్నాడు ప్రకాశం. "రోజుకొక వంతు. నేను పొద్దున్నే ఆదేశం కొడతాను, అది వరసలో చేరుద్ది, వాల్వు దానంతట అదే తెరుచుకుంటది."

ఆ సాయంత్రం కాంతమ్మ కాగులు తోమించింది.

నాగభూషణరావు గారు మాత్రం జరిగినదాని నుంచి ఒక గుణపాఠం తీశారు. యంత్రంలో ఏదైనా పోవడానికి కారణం భద్రపరచకపోవడమేనని ఆయన నిర్ణయానికి వచ్చారు. ఇంట్లో ఆయన ఉత్తరాలు కొట్టుకునే కంప్యూటరులో కంట్రోల్ అనే మీటనూ, ఎస్ అనే మీటనూ కలిపి నొక్కితే రాసినది భద్రమవుతుంది. వెంటనే ఉత్తర్వు వెలువడింది. "జలసారథి యందు ప్రతి పంక్తికి ముందును, పంక్తి పిమ్మటను కంట్రోల్, ఎస్ మీటలను విధిగా నొక్కవలెను."

మరునాడు ఉదయం మేము వెళ్లేసరికి ఆయనే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఉత్తర్వును స్వహస్తాలతో ప్రారంభించాలని వచ్చారట. ముందు రెండు మీటలూ నొక్కారు. తరువాత మా వాల్వు ఆదేశం కొట్టారు. తెర మీద ఒక్క అక్షరం కూడా పడలేదు. మళ్లీ రెండు మీటలూ నొక్కారు. తెర కదలలేదు.

"చూశారా, చలనం లేదు. భద్రమైంది," అన్నారు.

"అక్షరాలు కనపడటం లేదండి," అన్నాడు ప్రకాశం.

"పాస్‌వర్డు కనపడకపోతే పడిందన్నావు. ఇప్పుడు ఆదేశం కనపడకపోతే పడలేదంటావా? ఒక మాట మీద నిలబడవయ్యా."

ఆ తర్కంలో లోపం ఉందని నాకు తెలుసు. ఎక్కడ ఉందో చూపించే లోపల ఆయన భోజనానికి వెళ్లిపోయారు.

అది మొదలు ప్రకాశం రోజూ ఉదయం వచ్చి, రెండు మీటలు నొక్కి, మా ఆదేశం కొట్టి, మళ్లీ రెండు మీటలు నొక్కి, పక్కనున్న పుస్తకంలో "ఒక వంతు ఇవ్వడమైనది" అని రాశాడు. తెర మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెడదామని ఆయన ఒకసారి అడిగాడు. మంత్రిగారు ప్రారంభించినదాన్ని గుమాస్తా ఆపడమేమిటని చివాట్లు తిన్నాడు. కరెంటు పోయినా ఆగకుండా దానికి అదనపు బ్యాటరీలు కూడా తెప్పించారు. ఆ దారిన పోయే ఉద్యోగులు యంత్రం చచ్చిపోయిందన్న ధైర్యంతో, ఎవరూ లేనప్పుడు కూర్చుని తమకు తోచినదేదో కొట్టి వెళ్లేవారు. కొట్టినదేదీ కనపడదు కదా.

మా కొట్టాలకు చుక్క నీరు రాలేదు. తోమిన కాగులకు దుమ్ము పట్టింది. కాంతమ్మా, నేనూ మళ్లీ వెళ్లాము.

"ఆదేశం వెళ్లింది. నమోదైంది. భద్రమైంది," అన్నారు ఇంజనీరు గారు.

"నీళ్లు రాలేదు," అన్నాను.

"నీటి రాక భౌతిక విషయం, అమ్మగారూ. మండలి బాధ్యత ఆదేశం వరకే."

"మీ ఆదేశంలో గుడ్డ జాడించుకోమంటారా బాబుగారూ?" అంది కాంతమ్మ. ఆయన ఆ ప్రశ్నను లిఖితపూర్వకంగా ఇమ్మన్నారు.

పుస్తకంలో చివరి వంతు రాసిన రోజున మండలి సర్వసభ్య సమావేశం తీర్మానించింది. "అద్దకాల వీధికి గల నీటి బాకీ సంపూర్ణముగా తీరిపోయినది." అంతేకాదు. బాకీ తీర్చిన మొదటి మండలిగా పురస్కారానికి దరఖాస్తు పెట్టారు. కార్యం ముగిసింది కనుక జలసారథికి సగౌరవంగా వీడ్కోలు చెప్పి, కొత్త యంత్రం తెప్పించుకోవాలని కూడా నిశ్చయించారు. ఆ వీడ్కోలు సభకు మమ్మల్ని ఆహ్వానించారు. కాంతమ్మ ఒక కాగితం మీద సంతకం చేయాలి. అందులో "మా వీధికి రావలసిన నీరు పూర్తిగా ముట్టినది" అని ఉంది.

సభకు ముందు నాగభూషణరావు గారు మమ్మల్ని పక్కకు పిలిచారు. గొంతు తగ్గించారు.

"కాంతమ్మగారూ, మీరు సంతకం పెట్టండి. పాత బాకీ తేలిపోతుంది. ఎల్లుండి నుంచి కొత్త వంతులు మొదలవుతాయి. నా మాట నమ్మండి. పెట్టకపోతే ఖాతా తేలదు. తేలకపోతే నీళ్లుండవు."

ఇది మంచి బేరమే. అబద్ధానికి ఒక సంతకం, బదులుగా నీళ్లు. కాంతమ్మ కాగితాన్ని నా వైపు తిప్పింది.

"ఏమంటారు అమ్మగారూ?"

"కొట్టం నీది కాంతమ్మా. నీళ్లు కావలసింది నీకు. నువ్వు పెడితే నేను తప్పు పట్టను. కానీ సాక్షి సంతకం మాత్రం నేను చేయను."

ఆమె కాగితాన్ని ఆయన వైపు నెట్టింది. "నీళ్లొచ్చాక పెడతాను బాబుగారూ. ముట్టకుండా ముట్టిందంటే, రేపు వచ్చే నీళ్లు కూడా ఇట్టాగే వస్తాయి."

"అయితే మీ ఇష్టం," అన్నారాయన. సభలో ఆ సంతకం లేకుండానే కార్యక్రమం నడిపించాలని నిర్ణయమైంది.

సభ ఘనంగా జరిగింది. జలసారథి తెర అందరికీ కనపడేలా గోడ మీద పెద్దది చేసి చూపించారు. ఎన్నో నెలల నుంచి కదలని ఆ నల్లని తెర మీద, అధ్యక్షులు మాట్లాడుతున్నంతసేపూ ఒక ఈగ తిరిగింది. "నిశ్శబ్దంగా పనిచేయడమెలాగో ఉద్యోగులు ఈ యంత్రం నుంచి నేర్చుకోవాలి," అన్నారు అధ్యక్షులు. చప్పట్లు మోగాయి. తరువాత నాగభూషణరావు గారు లేచారు.

"భద్రపరచడానికి కంట్రోల్, ఎస్. నిష్క్రమించడానికి కంట్రోల్, క్యూ. నా ఇంటి కంప్యూటరులో ఇది నా ప్రత్యక్షానుభవం. ఈ రెండు మీటలతో జలసారథి తన కర్తవ్యం నుంచి విరమిస్తుంది." రెండు మీటలూ కలిపి నొక్కారు.

గోడ మీద తెర కదిలింది.

ఆ పెద్దమనిషి ఇంటి కంప్యూటరు సంగతి నాకు తెలియదు. జలసారథికి మాత్రం కంట్రోల్, ఎస్ మీటలకు అర్థం ఆగు అని, కంట్రోల్, క్యూ మీటలకు అర్థం సాగు అని ఆ తరువాత ప్రకాశం కంపెనీకి ఫోను చేసి తెలుసుకున్నాడు. ఆగిన యంత్రం వినడం మానలేదు. కొట్టిన ప్రతి అక్షరాన్నీ దాచి ఉంచింది. సాగమన్నారు కనుక సాగింది.

"పెద్ద వాల్వు తెరువు, అద్దకాల వీధి, ఒక వంతు." కింద జవాబు. "వంతు వరుసలో చేర్చడమైనది." మళ్లీ అదే ఆదేశం, అదే జవాబు. మళ్లీ. తెర పైకి పరుగెత్తుతూనే ఉంది. మధ్యమధ్య ఇతర విషయాలు కూడా వచ్చాయి.

"ఓసి యంత్రమా పలకవే." అటువంటి ఆదేశము లేదు.

"అధ్యక్షులు నిద్రలో గురక పెడతారు." అటువంటి ఆదేశము లేదు.

"భూషణరావు బుర్రకు అనుమతి లేదు." అటువంటి ఆదేశము లేదు.

"దేవుడా నా ప్రమోషన్ నిలబెట్టు, కొబ్బరికాయ కొడతాను." అటువంటి ఆదేశము లేదు.

చివరిది ఎవరు కొట్టారో ఎవరూ అడగలేదు. ఇంజనీరు గారు చెమట తుడుచుకున్న తీరును బట్టి అడగనవసరం లేకపోయింది.

అంతలో వీధివైపునుంచి కేక వినిపించింది. "నీళ్లు! పెద్ద గొట్టంలో నీళ్లు!" కాంతమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

"ఆపండి! సైదులూ, వాల్వు కట్టెయ్!" అని నాగభూషణరావు గారు అరిచారు.

సైదులు కడ్డీ భుజాన వేసుకుని తాపీగా నిలబడ్డాడు. "చెయ్యి తాకకూడదని బోర్డు తమరే పెట్టించారు కదండీ."

"ఆ బోర్డు తీసెయ్!"

"బోర్డు వాల్వుకే తగిలించారండి. తియ్యాలన్నా తాకాల."

"ప్రకాశం! ఆ వరసను రద్దు చెయ్!"

ప్రకాశం లేచి నిలబడ్డాడు. అంత వినయంగా ఆయన మాట్లాడగా నేనెన్నడూ వినలేదు. "రద్దు చెయ్యాలంటే తీర్మానం కావాలండి. బాకీ ఇచ్చేశామని మొన్ననే తీర్మానించారు. ఇచ్చేసినదాన్ని రద్దు చెయ్యడానికి నియమం ఏదీ లేదండి. నేను చూశాను."

అధ్యక్షులు ఇంజనీరు గారి వైపు చూశారు. ఇంజనీరు గారు పురస్కారం దరఖాస్తు వైపు చూశారు. నీళ్లు ఆపితే బాకీ తీరలేదని ఒప్పుకున్నట్టే. సభ జాతీయ గీతంతో ముగిసింది.

నీళ్లు రాత్రీ పగలూ పారాయి. ఒక వంతు ముగియగానే మరొక వంతు మొదలైంది. మూతపడిన కొట్టాలు తెరుచుకున్నాయి. గేట్ల దగ్గర కూర్చున్నవారు కబురందుకుని రైలెక్కారు. అద్దకం పని లేని ఇళ్లవారు తమ దుప్పట్లూ, తెరలూ తెచ్చి జాడించుకున్నారు. కాంతమ్మ అటక మీది గోధుమరంగు గుడ్డల్ని దింపి, రంగు తీసి, మళ్లీ అచ్చు వేసింది. ఆసుపత్రివాళ్లు కూడా ఒకసారి బిందెలతో వచ్చారు. ఎవరూ కాదనలేదు.

తరువాత ఒక మధ్యాహ్నం గొట్టం ఒకసారి దగ్గి, ఆగిపోయింది. నేను మా వీధి సంఘం లెక్క తెచ్చి సరిచూశాను. ఒక్క వంతు ఎక్కువ లేదు. ఒక్క వంతు తక్కువ లేదు.

ఆ సాయంత్రమే నాగభూషణరావు గారు వచ్చారు. వీధంతా ఎరుపూ నీలమూ కలిసిన బురద. ఒక చేతిలో బూట్లు, మరొక చేతిలో ఆ కాగితం పట్టుకుని గోడల వెంట నడిచి వచ్చారు. ఆయన తీర్మానం నిజమైన తరువాత ఆయన మా వీధికి రావడం ఇదే మొదటిసారి.

"ఇప్పుడైనా సంతకం పెడతారా, కాంతమ్మగారూ? ఖాతా తేలితే ఎల్లుండి నుంచి మామూలు వంతులు."

కాంతమ్మ నా వైపు తిరిగింది. "ముట్టినట్టేనా అమ్మగారూ?"

"పూర్తిగా ముట్టింది."

ఆమె కలం తీసుకోలేదు. అత్తగారి అత్తగారి నెమలి అచ్చును ఎర్రరంగులో అద్ది, "పూర్తిగా ముట్టినది" అన్న మాట కింద నొక్కింది. ఆరనిచ్చింది. సాక్షిగా నేను నా పేరు రాశాను.

"ఇది చెల్లుతుందా? నీళ్లు తగిలితే పోదు కదా?" అన్నారు నాగభూషణరావు గారు అనుమానంగా.

కాంతమ్మ ఆ కాగితాన్ని తీసుకుని, నిండిన కాగులో ముంచి, పైకి తీసి ఆయన చేతికిచ్చింది. మండలి వారి అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. నెమలి మాత్రం చెదరలేదు.